గాలం, గబ్బిలం, కలివికోడి

తెలుగు సాహిత్యంలో ప్రకృతి వర్ణనకు కొదవ లేదు. చెరువుంటే కలువలుంటాయి, ఏరుంటే వెన్నెలుంటుంది. మోకాలిలోతు బురదలో దిగి చేపలు పట్టేవాడు మాత్రం ఎప్పుడో గాని కనపడడు. కనపడినా దూరంగా, పటంలో బొమ్మలాగా ఉంటాడు. కొడుకుతో వాడు మాట్లాడే మాట మనకు వినపడదు.

మరి మనం రాసిన దాంట్లో? మన రాతల్లో నీళ్లంటే అవమానం. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడమే అంబేద్కర్‌కు పోరాటమైంది. 1985లో కారంచేడు మారణకాండకు మొదలు మంచినీళ్ల చెరువు దగ్గరే. ఇవి రాయక తప్పదు, రాస్తూనే ఉండాలి. అయితే నీళ్ల దగ్గర మనకు అవమానమొక్కటేనా ఉండింది? చదువు లేదా? సంతోషం లేదా?

మాది కె.సి. కెనాల్ పక్క ఊరు. 1860లలో ఇంగ్లీషు కంపెనీ తవ్విన కాలువ అది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకొని కడప దాకా పోతుంది. ఎండాకాలం నీళ్లు నిలిపేస్తే అక్కడక్కడ మడుగులు మిగులుతాయి. నాకు ఉద్యోగమొచ్చినాక కూడా సెలవుల్లో నాయనా నేనూ గాలాలు తీసుకొని ఆడికే పోతాం. నాయనకు అక్షరం రాదు. నీళ్ల మీద బుడగ లేస్తే "కొరమేను గాలికొచ్చిందిరా" అంటాడు. లకుముకి పిట్ట కాపేసిన కొమ్మ కింద చిన్న చేపలుంటాయంటాడు. తీతువు అరిస్తే తల తిప్పకుండానే "ఎవరో వస్తాండారు" అంటాడు. వానలు పడి కుంట నిండినాక ఎర్రెర్రగా కొరమేను పిల్లల గుంపు కదిలితే ఆడ గాలం వెయ్యడు, నన్ను వెయ్యనీయడు. "తల్లీదండ్రీ కిందనే కావలుంటాయి. వాటిని పడితే ఆ పిల్లలేం గావాలరా?" అంటాడు.

ఇది జీవశాస్త్రం కాదా? బడిలో నేను చెప్పే పుస్తకాల్లో ఈ పాఠానికి చోటు లేదు.

కడప జిల్లా కలివికోడి కథ చూడండి. 1848లో శాస్త్రజ్ఞుల లెక్కకెక్కిన ఆ పిట్ట 1900 తర్వాత కనపడలేదు. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో లంకమల దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చిచ్చినవాడు ఐతన్న అనే అక్కడి వేటగాడు. ఇంగ్లీషులో అది 'జెర్డాన్స్ కోర్సర్'. ఆ పేరులో దొర ఉన్నాడు. తెలుగు పేరులో పిట్ట బతికే కలివి పొద ఉంది. ఏ పేరు శాస్త్రానికి దగ్గర?

వన్యప్రాణి చట్టం 1972లో వచ్చింది. అది వద్దని నేననను. పిట్ట మిగలాల్సిందే. కానీ గాలం పట్టినోడు దొంగ, దుర్భిణి పట్టినోడు ప్రకృతి ప్రేమికుడు అనే చూపును ఒప్పుకోను. ఆ చూపులో కులముంది.

మనకు దారి వేసినవాడు జాషువా. కాళిదాసు మేఘాన్ని పంపితే, జాషువా 1941లో గబ్బిలాన్ని పంపినాడు. అందరూ అపశకునమని తరిమే ప్రాణి అది. మనిషికి లేని గుడిప్రవేశం దానికుంది. మన విమర్శకులు ఎక్కువమంది దాన్ని ప్రతీకగా చదివి అక్కడే ఆగిపోయినారు. గిజిగాడి మీద, సాలీడు మీద రాసింది కూడా ఈ కవేనని, గూడు అల్లే పిట్టలో పనితనాన్ని చూసిన కన్నే గబ్బిలాన్నీ చూసిందని గుర్తు పెట్టుకోలేదు. కళ్లారా చూడనిదే ప్రతీక ఎక్కడినుంచి వస్తుంది?

ఈరోజు దళిత రచయితను అందరూ అడిగేది ఒకటే: "నీ బాధ రాయి." నాయన పక్కన కూర్చొని, గంటసేపు మాటా పలుకూ లేకుండా బెండు కేసి చూసిన సుఖాన్ని రాస్తే "ఇందులో దళితత్వం యాడుంది?" అంటారు. అందులోనే ఉంది. కూలికి పోని పూట, ఎవరికీ దండం పెట్టని పూట, తనకు తెలిసింది కొడుక్కి చెప్పే పూట అది. మా నాయన ఎవరి ముందూ తలొంచకుండా మాట్లాడింది ఆడనే.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ అమ్మనాయనలకు తెలిసిన చేపల పేర్లు, పిట్టల పేర్లు, వాటి గుణాలు వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి. మన బాధ రాయడానికి ఇప్పుడు చాలామంది తయారుగా ఉన్నారు. మన తెలివిని మనమే రాసుకోవాల.