క్లారినెట్ పుస్తకాలూ, మా అమ్మ శ్రుతి పెట్టే

మా అమ్మ తెనాలి నుంచి మొదటిసారి ఐసెలిన్ వచ్చినప్పుడు, సాయంత్రం పూట పైగదిలోంచి క్లారినెట్ వినపడగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరింట్లోరా పెళ్ళి?" అని. పెళ్ళి చీరల కొట్లూ నగల కొట్లూ వరుసగా ఉన్న ఓక్ ట్రీ రోడ్డుకి దగ్గరే మా ఇల్లు కనుక ఆ అనుమానం మరీ అన్యాయమైందేమీ కాదు. "నీ మనవడేనమ్మా" అన్నాను. ఆవిడ మొహం కొంచెం చిన్నబోయింది. వయొలిన్ అయితే నలుగురికీ చెప్పుకోవచ్చు. మృదంగమైనా ఫరవాలేదు. బ్యాండుమేళం వాయిద్యమేమిటి!

నిజానికి నా మనసులోనూ అదే ఉంది. మా అక్క పెళ్ళికి వచ్చిన బ్యాండులో క్లారినెట్ వాయించినాయన సినిమా పాటల్ని గాయకుడి గొంతులోని జారుళ్ళతో సహా దించేసేవాడు. ఎదురుగా కాగితం ముక్క లేదు. ఆ మేళానికి పెరట్లో, అందరి భోజనాలూ అయ్యాక ఆఖరి బంతిలో వడ్డించాం. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నాతో సహా.

మావాడి సంగతి దీనికి తలకిందులు. కాగితం లేనిదే ఒక్క స్వరం రాదు. నాలుగో క్లాసులో స్కూలు బ్యాండులో చేరాడు, ఇప్పుడు పదోక్లాసు. ఈ ఆరేళ్ళలో వాడి మ్యూజిక్ స్టాండు మీద పేరుకున్న పుస్తకాలను, నాకు సంగీతం రాకపోయినా, కోడ్ రివ్యూ చేసే అలవాటు కొద్దీ ఒక్కొక్కటే చదువుతూ వచ్చాను. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసం.

మొదటి పుస్తకం ఎసెన్షియల్ ఎలిమెంట్స్. అమెరికాలో బ్యాండు పిల్లలున్న చాలా ఇళ్ళలో కనపడే పుస్తకమే. రంగులు బాగుంటాయి, పాటలు చిన్నవి, పిల్లవాడు వారంలోనే ఏదో ఒకటి వాయించేస్తాడు. కానీ అది క్లారినెట్ కోసం రాసింది కాదు, బ్యాండు కోసం రాసింది. ట్రంపెట్‌కీ, ఫ్లూట్‌కీ, ట్రాంబోన్‌కీ కలిపి ఏ స్వరాలు కుదురుతాయో అవే అందరికీ. సంతలో అందరికీ ఒకే కొలత చొక్కా కొన్నట్టు. క్లారినెట్‌కున్న అసలు చిక్కు మాత్రం వాయిదా పడుతుంది.

ఆ చిక్కు ఏమిటో ఇంజనీరు బుద్ధితో చెబుతాను. ఒక చివర మూసుకున్న స్తంభాకారపు గొట్టంలో బేసి సంఖ్యల హార్మోనిక్స్ మాత్రమే బలంగా పలుకుతాయి. అందుకని ఫ్లూట్‌లో లాగా క్లారినెట్ ఒక స్థాయి పైకి ఎగరదు, పన్నెండు మెట్లు ఎగురుతుంది. కింద షడ్జం పలికించిన వేళ్ళతోనే, ఎడమ బొటనవేలి మీటను కలిపి నొక్కితే, పై స్థాయి పంచమం పలుకుతుంది. ఆ రెండు అంతస్తుల మధ్య ఒక గడప ఉంది. గడపకి ఇవతలి స్వరాలకి దాదాపు అన్ని వేళ్ళూ ఎత్తి ఉంటాయి, అవతలి స్వరానికి దాదాపు అన్నీ మూయాలి. ఏళ్ళ తరబడి పిల్లలు కీచుమనిపించేది అక్కడే.

ఇది నాకు పుస్తకం వల్ల కాదు, అమ్మ వల్ల తెలిసింది. పెళ్ళికి ముందు వీణ నేర్చుకున్న మనిషి. ఊరికే కూర్చోలేక, "వీడికి సరళీ స్వరాలు నేను చెబుతా"నని శ్రుతి పెట్టె ఐదు శ్రుతిలో పెట్టింది. అంటే పియానో లెక్కలో జి. మావాడు తన జి పట్టాడు. ఘోరమైన అపశ్రుతి! బి ఫ్లాట్ క్లారినెట్‌లో కాగితం మీద ఒక స్వరం రాసి ఉంటే చెవికి వినపడేది దాని కింది స్వరం. వాడి జి మనకి ఎఫ్. చివరికి ఎ పట్టుకుంటే షడ్జం కుదిరింది. అమ్మకి ఇది వింతేమీ కాలేదు. "మనకీ అంతేగా, ఎవరి షడ్జం వాళ్ళది" అంది. సరళీలు, జంటలు సాఫీగా సాగాయి. హెచ్చుస్థాయి వరుసల దగ్గర మాత్రం తారస్థాయిలో రి నుంచి గ కి వెళ్ళేసరికి మాయామాళవగౌళ గడప తగిలి బోర్లా పడింది.

అప్పుడు వాడి టీచరు ఇచ్చిన పుస్తకం క్లోజే పద్ధతి. యాసాంత్ క్లోజే (1808–1880) ప్యారిస్ కన్సర్వేటరీలో గురువు. వాయిద్యాలు చేసే బ్యుఫేతో కలిసి నేటి బేమ్ పద్ధతి మీటల అమరికను రూపొందించినవాడు. 1843లో వచ్చిన ఈ పుస్తకం తన పరికరానికి తానే రాసుకున్న మాన్యువల్ అన్నమాట. తన వస్తువులో ఇబ్బంది ఎక్కడుందో రచయితకే తెలుసు. రెండు మూడు స్వరాల చిన్న ముక్కలు, ఒక్కొక్కటీ మళ్ళీ మళ్ళీ, పేజీలకి పేజీలు. చదవడానికి ఇంత నీరసమైన పుస్తకం మరొకటి ఉండదు. కానీ అమ్మ ఒక పేజీ విని, "ఇవి జంట స్వరాలే కదరా, ఇంగ్లీషులో" అని తేల్చేసింది.

స్టాండు మీద నాకు అన్నిటికన్నా నచ్చింది సిరిల్ రోజ్ రాసిన ముప్ఫై రెండు ఎట్యూడ్లు. క్లోజే శిష్యుడు. ఆయన తర్వాత అదే కన్సర్వేటరీలో చాలాకాలం గురువు. నిజం చెప్పాలంటే వీటిలో ఎక్కువ భాగం సొంతం కాదు, ఫెర్లింగ్ అనే జర్మన్ ఓబో కోసం రాసిన అభ్యాసాలనే క్లారినెట్‌కి మలిచాడు. ఒకటి నెమ్మది, తర్వాతది వేగం. నెమ్మదివి వింటే అభ్యాసం అనిపించవు, మాటలు లేని పాటలనిపిస్తాయి. గడప దాటే కష్టం అలాగే ఉంది, కానీ అది రాగం మధ్యలో దాక్కుని ఉంది. పిల్లవాడు పాట బాగుండాలని తాపత్రయపడతాడు, వేళ్ళు వాటంతటవే దారికొస్తాయి. వర్ణం చేసే పని కూడా ఇదే కదా.

ఇక సోలోలు. స్కూలు పిల్లలకి ఇచ్చే పాత సంకలనాల్లో హైమీ వాక్స్‌మన్ కూర్చినవి చాలా ఉన్నాయి. వలస వచ్చిన కుటుంబంలో పుట్టి, అయోవాలో కెమికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, తర్వాత జీవితమంతా సంగీతానికిచ్చిన మనిషి. ఈ సంగతి మన పిల్లల తల్లిదండ్రులు కొందరికి నిద్రపట్టనివ్వదని తెలిసే రాస్తున్నాను. ఆయన ఎంపిక మంచిదే. చిక్కల్లా ఈ సోలోలు సోలోలు కాకపోవడమే. పక్కన పియానో ఉండాలి. ఇంట్లో వింటుంటే ఫోన్లో ఒకవైపు మాటలే వింటున్నట్టుంటుంది. వెబర్ 1811లో రాసిన కాన్చెర్టీనో అంతటిది కూడా మా పైగదిలో సగం మౌనమే.

ఒంటరి క్లారినెట్ అంటే ఏమిటో మెస్సియాన్ దగ్గర తెలిసింది. 1941 జనవరి 15న, గెర్లిట్స్‌లోని జర్మన్ యుద్ధఖైదీల శిబిరంలో మొదటిసారి వాయించిన 'కాలాంతం కోసం చతుష్టయం'లో మూడో భాగం క్లారినెట్ ఒక్కదానికే. వాయించినవాడు ఆన్రీ అకోకా అనే యూదు ఖైదీ. వినపడీ వినపడకుండా మొదలైన ఒక్క స్వరం పెరిగి పెరిగి ఊపిరి ఉన్నంత మేరకూ నిండుతుంది. తర్వాత పక్షులు. మావాడు ఇంకా అక్కడికి రాలేదు, నేను రికార్డింగులోనే విన్నాను. అమ్మకి వినిపిస్తే పక్షులు నచ్చలేదు కానీ, ఆ ఒక్క స్వరం దగ్గర కళ్ళు మూసుకుంది.

ఇన్ని పుస్తకాల్లోనూ మావాడికి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం మాత్రం ఎవరూ నేర్పలేదు. వాయిద్యానికి చేతకాక కాదు. 1924లో న్యూయార్క్‌లో గెర్ష్విన్ 'రాప్సొడీ ఇన్ బ్లూ' మొదట్లో రాసింది విడివిడి స్వరాల వరుస. రాస్ గోర్మన్ రిహార్సల్లో సరదాకి దాన్ని జారుగా సాగదీశాడు, గెర్ష్విన్ అదే ఉంచమన్నాడు. తిరుచిరాపల్లిలో పుట్టిన ఏ.కె.సి. నటరాజన్ క్లారినెట్ మీద త్యాగరాజ కృతులు వాయించి 2008లో సంగీత కళానిధి అయ్యారు. గాత్రమూ నాదస్వరమూ నేర్చుకున్న వేళ్ళవి, ఎట్యూడ్లు నేర్చుకున్నవి కావు.

అలాంటప్పుడు గమకాన్ని కాగితం మీద పెట్టడం కుదరని పనా? కుదురుతుందని పట్టుబట్టిన పుస్తకం ఒకటుంది, అదీ తెలుగులోనే. ఎట్టయపురం నుంచి 1904లో వచ్చిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. సుమారు 1700 పేజీలు. కంపితానికి అలలాంటి గీత, ఎక్కే జారుకి పైకి వాలిన గీత, దిగే జారుకి కిందికి వాలిన గీత. ఆయన్ని రాయమని వెంటపడిన చిన్నస్వామి మొదలియారు అంతకు ముందే మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చేయించారు. ఈ ఇద్దరి పనినీ కలిపి ఒక క్లారినెట్ పిల్లవాడి చేతిలో పెట్టే పుస్తకం నా కంటపడలేదు. దీక్షితుల వివరణలన్నీ వీణ వేళ్ళకి చెప్పినవి. రీడు మీద పెదవి ఎంత సడలించాలో ఆయన చెప్పడు. అది ఆ పుస్తకం లోపం అనలేను కానీ, మావాడికి మాత్రం లోటే.

వాడికి తెలుగు చదవడం రాదు. అమ్మకి స్టాఫ్ నొటేషన్ రాదు. పోయిన వేసవిలో ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరినీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ప్రదర్శినిలోంచి శంకరాభరణ గీతం ఒకటి ఆవిడ చదువుతూ పోయింది, వాడు ఐదు గీతల కాగితం మీద పెన్సిలుతో దించుకున్నాడు. జారు వచ్చిన చోటల్లా స్వరాల మధ్య దీక్షితుల వాలుగీత అలాగే గీశాడు. తర్వాత ఒక్కొక్క వేలినీ రంధ్రం మీంచి లేపకుండా పక్కకి జరుపుతూ, పెదవి సడలిస్తూ గంటసేపు తంటాలు పడ్డాడు. నాకు బాగానే ఉందనిపించి, "ఎలా ఉందమ్మా?" అన్నాను.

"రెండో గీత దగ్గర తొందరపడ్డాడు. మళ్ళీ వాయించమను" అంది.