పిల్లలే కనుగొన్నారా? – మార్గదర్శిత ఆవిష్కరణ అభ్యసనంపై ఒక విమర్శ

ఉదాహరణల నుంచి సూత్రానికి వెళ్ళడమే ఆగమన పద్ధతి అని ఇంతకు ముందు చదువుకున్నారు. ఆ దారిలో ఉపాధ్యాయుడు ప్రశ్నలతో, సామగ్రితో పిల్లలకు తోడ్పడితే దాన్ని మార్గదర్శిత ఆవిష్కరణ అభ్యసనం అంటాం. ఆవిష్కరణ గురించి జెరోమ్ బ్రూనర్ 1961లో రాసిన వ్యాసం ఈ భావనకు మంచి ప్రచారం తెచ్చింది. దీని ప్రయోజనాలు రాయమంటే మీరు సులువుగానే రాయగలరు: పిల్లలు చురుకుగా పాల్గొంటారు, నేర్చుకున్నది గుర్తుంటుంది, శాస్త్రీయ దృక్పథం అలవడుతుంది. వీటిని నేను కాదనను. అయితే ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో తెలియని ఉపాధ్యాయుడికి ఈ ప్రయోజనాలు దక్కవు.

ఒక పాఠం

చాలా ఏళ్ళ క్రితం ఒక పల్లెటూరి బడిలో ఐదో తరగతి బోధనాభ్యసన పాఠాన్ని పరిశీలించాను. అంశం: తేలేవి, మునిగేవి. పిల్లలు బకెట్టు నీళ్ళలో రాయి, ఇనుప మేకు, ఆకు, పుల్ల, బెండు ఒక్కొక్కటే వేసి పట్టిక నింపారు. "ఏం గమనించారు?" అని ఛాత్రోపాధ్యాయుడు అడిగాడు. "బరువైనవి మునుగుతాయి, తేలికైనవి తేలుతాయి" అన్నారు పిల్లలు. ఆయన సంతోషంగా దాన్నే నల్లబల్ల మీద రాశాడు.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక అబ్బాయి లేచాడు. "మాస్టారూ, మా తాటి దోనెను నలుగురు పడితేగాని ఒడ్డుకు లాగలేరండి. మరి అది తేలుతుంది కదండీ?" అన్నాడు.

"అది తర్వాత చూద్దాం, కూర్చో" అనడంతో పాఠం ముగిసింది. నేను ఆ పాఠానికి మంచి మార్కులే వేశాను. ఆ మార్కులు తప్పని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

లోపం ఎక్కడుంది?

మొదటిది, ఉదాహరణల ఎంపిక. పిల్లల ఆలోచనలో లోపం లేదు. ఆ ఐదు వస్తువులు చూస్తే ఎవరికైనా ఆ ముగింపే తోస్తుంది. చిన్న గులకరాయిని, పెద్ద చెక్కదిమ్మను పక్కపక్కన వేసి ఉంటే ఆ సూత్రం అక్కడికక్కడే కూలిపోయేది. ఆగమన పద్ధతిలో సూత్రాన్ని బలపరిచే ఉదాహరణలు ఎంత అవసరమో, దానికి ఎదురు తిరిగే ఉదాహరణ కూడా అంతే అవసరం. ఆ ఉదాహరణను దోనె రూపంలో పిల్లవాడే తెచ్చి ఇచ్చాడు. మనం అందుకోలేదు.

రెండవది, కంటికి కనిపించని భావన. ఎన్ని వస్తువులు నీళ్ళలో వేసినా 'సాంద్రత' బకెట్టులో కనిపించదు. రోజలిండ్ డ్రైవర్ 1983లో వెలువరించిన 'ద ప్యూపిల్ యాజ్ సైంటిస్ట్?' అనే పుస్తకం శీర్షికలోనే ప్రశ్నార్థకం పెట్టారు. పిల్లలు తమకు ముందే ఉన్న ఊహల వెలుగులో పరిశీలిస్తారనీ, శాస్త్ర భావనలు పరిశీలన నుంచి వాటంతటవే పుట్టవనీ ఆమె వాదన. అందుచేత ఒక దశలో ఉపాధ్యాయుడు భావనను అందించక తప్పదు. ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో కొద్దికొద్దిగా ఇసుక పోస్తూ, ప్రతిసారీ మూత బిగించి నీళ్ళలో వేయించండి. సీసా పరిమాణం మారదు, బరువు పెరుగుతుంది, ఒక దశలో మునుగుతుంది. "ఈ సీసా పట్టేంత చోటులో నీళ్ళే ఉంటే ఎంత బరువుండేవి?" అనే ప్రశ్న మాత్రం మీరే అడగాలి. పిల్లలకు అది తనంతట తట్టదు.

మూడవది, నటన. జవాబు ముందే నిర్ణయమై ఉందని పిల్లలు త్వరగా పసిగడతారు. అప్పుడు వారు బకెట్టును కాక మాస్టారి ముఖాన్ని పరిశీలిస్తారు. అది ఆవిష్కరణ కాదు, ఊహించి చెప్పడం.

హోషంగాబాద్ అనుభవం

మన దేశంలో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున ఆచరించిన కార్యక్రమం 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 పాఠశాలలతో మొదలైంది. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకం సాయంతో ప్రయోగాలు చేసేవారు. పుస్తకం చూసి రాసే పరీక్షలు ఉండేవి. పిల్లల ప్రశ్నలకు 'సవాలీరామ్' అనే కల్పిత పాత్ర పేరుతో ఉత్తరాల ద్వారా జవాబులు వెళ్ళేవి. ఉపాధ్యాయులు నెలనెలా కలిసి తమ ఇబ్బందులు చర్చించుకునేవారు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసింది. దీన్ని తలచుకున్నప్పుడు చాలామంది ప్రయోగ పెట్టెల గురించే చెబుతారు. నా దృష్టిలో అసలు బలం ఆ నెలవారీ సమావేశాల్లోనూ, సవాలీరామ్ ఉత్తరాల్లోనూ ఉంది. అక్కడ దోనె ప్రశ్నకు చోటుంది.

ముగింపు

కనీస మార్గదర్శనంతో సాగే బోధన ఫలించదని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో వాదించారు. కొత్తగా నేర్చుకునేవారి జ్ఞాపకశక్తిపై అది మోయలేని భారం వేస్తుందన్నారు. తగిన ఆసరాతో సాగే అన్వేషణను ఆ గాటన కట్టకూడదని మరుసటి ఏడాది ఇతర పరిశోధకులు బదులిచ్చారు. ఈ వాదంలో ఏదో ఒక పక్షం ఎంచుకోవలసిన పని మనకు లేదు. 'మార్గదర్శిత', 'ఆవిష్కరణ' అనే రెండు మాటల్లో బరువంతా మొదటిదాని మీదే ఉందని గుర్తిస్తే చాలు. దారి చూపడమంటే జవాబు దాచిపెట్టడం కాదు. పిల్లవాడి ప్రశ్న పాఠాన్ని పక్కకు తిప్పినా దాని వెంట వెళ్ళగలగడం.

ఆలోచించండి: ఆ అబ్బాయి దోనె ప్రశ్న మీ తరగతిలో వస్తే, పాఠం ముగియడానికి పది నిమిషాలే ఉంటే, మీ తర్వాతి ప్రశ్న ఏమిటి? ఒక్క వాక్యంలో రాయండి.