కంచె చేయలేని కాపలా

పిల్లల ఆటస్థలం అనగానే మన మునిసిపాలిటీలు ముందు ప్రహరీ కడతాయి, తర్వాత గేటుకు తాళం వేస్తాయి. లోపల ఏముందన్నది ఆ తర్వాతి మాట. నా దృష్టిలో ఆటస్థలానికి అసలు కాపలా చుట్టూ ఉన్న కిటికీలు, అరుగులు, అంగళ్లే. వాటికి కనపడకుండా గోడ కడితే పిల్లలు ఒంటరివాళ్లవుతారు. ఆమ్‌స్టర్‌డామ్ అనుభవం ఇందుకు గట్టి సాక్ష్యం.

అక్కడ 1947లో, నగర ప్రణాళికా విభాగంలో పనిచేసే యాకోబా ముల్డర్ చొరవతో, ఆల్డో వాన్ ఐక్ అనే యువ ఆర్కిటెక్ట్ బెర్టెల్‌మాన్‌ప్లైన్ చౌకులో మొదటి ఆటస్థలం రూపొందించాడు. ఇళ్ల మధ్య చిన్న జాగా. ఒక మూలకు, వెడల్పాటి కాంక్రీటు గట్టుతో ఇసుక గుంట, పిల్లిమొగ్గలకు ఇనుప కడ్డీలు, పెద్దలకు బెంచీలు, చెట్లు. అది చూసిన ఇతర పేటలవాళ్లు తమకూ కావాలని నగరపాలక సంస్థకు ఉత్తరాలు రాశారు. 1978 నాటికి ఆయన గీసిన ఆటస్థలాలు ఏడువందలు దాటాయి. కొన్ని యూదుల పేటలో వెలిశాయి. ఇళ్లవాళ్లను నాజీలు తరలించాక, 1944-45 కరువు చలికాలంలో జనం పొయ్యిల కోసం కలప పీక్కుపోతే కూలిన ఇళ్ల జాగాలవి. అంత దుఃఖం నిండిన నేలను పిల్లల చేతికివ్వడం గొప్ప నిర్ణయమని నమ్ముతాను. ఏనుగు, జిరాఫీ బొమ్మల జోలికి ఆయన పోలేదు. వంచిన కడ్డీల గుమ్మటం ఒకరికి కోట, ఇంకొకరికి కొండ. చాలా చోట్ల కంచె లేదు. వీధే ఆటస్థలంలోకి నడిచి వస్తుంది.

మన వీధుల్లో ఆటోలు, కుక్కలు ఉంటాయి కదా అంటారు. సబబైన భయమే. బండ్లు తిరిగే వైపు అడ్డు ఉండాల్సిందే. కానీ ఇళ్ల వైపు, కిరాణా కొట్టు వైపు, అంగన్‌వాడీ వైపు కూడా నిలువెత్తు గోడ ఎందుకు? మోకాలెత్తు గట్టు చాలు. అదే కూర్చునే అరుగూ అవుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ ఆ ఆటస్థలాల్లో ఎక్కువ భాగం మిగల్లేదు కదా అని ఇంకో అభ్యంతరం. నిజమే. అయితే ఖాళీ జాగాల్లో వేసినవి చాలావరకు తాత్కాలికమనే ఉద్దేశంతోనే వచ్చాయి. కట్టడాలు లేవగానే పోయాయి. కాబట్టి భద్రం చేయాల్సింది స్థలాన్ని, కాగితాల మీద, కబ్జాకు అందకుండా. ఆ పని చేసే అధికారం మునిసిపాలిటీకి ఉంది. గోడకు పెట్టే డబ్బులో కొంత ఇసుక మార్చడానికి, వేసవి సెలవుల్లో మధ్యాహ్నం నీడకు రెండు వేపచెట్లు పెంచడానికి ఖర్చుపెట్టాలి.