కాంతి చదివిన సౌష్ఠవము

తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి నడచివచ్చి, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల యెదుట నిలిచినవానికి, నడిమి మహాద్వారమునకు ఎడమప్రక్క నున్నది కుడిప్రక్కను మరల కానవచ్చును. ఈ పొందికనే సౌష్ఠవ మందుము. స్ఫటికములలోని సౌష్ఠవము ఇంతకంటె సూక్ష్మమైనది. పరమాణువుల అమరికనుబట్టి వానిని 32 తరగతులుగ విభజింతురు. తరగతి తెలిసినచో, ఆ స్ఫటికము ఏ పని చేయగలదో, ఏది యెన్నటికిని చేయజాలదో ముందుగనే చెప్పవచ్చును.

ఈ లెక్కను సాంగోపాంగముగ సాగించినవారిలో మనవారొకరు కలరు. కలకత్తాలో రామన్ కడ శిక్షణపొంది, వాల్తేరున ఆచార్యులై, 1952 మొదలు 1957 వరకు ఉస్మానియాకు ఉపకులపతిగ నుండిన సూరి భగవంతముగారు, వెంకటరాయుడుగారితో కలిసి సమూహసిద్ధాంతమును భౌతికశాస్త్రమునకు అన్వయించుచు 1948లో గ్రంథము వెలువరించిరి. స్ఫటిక సౌష్ఠవమునుగూర్చి 1966లో మరియొకటి వ్రాసిరి. ఉస్మానియాలోనే పనిచేసిన నరసింహమూర్తిగారు స్ఫటికములపై ఒత్తిడియు విద్యుత్తును కాంతిని మార్చు తీరునుగూర్చి 1981లో ప్రామాణికగ్రంథము ప్రచురించిరి. నేటి ద్విపరిమాణ అర్ధవాహకములను పరిశీలించు అరేఖీయ వర్ణపటశాస్త్రము ఈ లెక్కమీదనే నిలిచియున్నదని నా నిశ్చితాభిప్రాయము.

ఆ శాస్త్రపు పద్ధతి యెట్టిదనగా: మందకాంతి సోకినప్పుడు ఎలెక్ట్రాను ఇటు నటు సమముగ ఊగును, లేజరు ఉద్ధృతి తగిలినప్పుడు, పరమాణువుల అమరికలో ఒకవైపున నొకటి, వేరొకవైపున మరొకటి యుండెనేని, ఆ ఊపు ఒకదెసకు మొగ్గును. మధ్యస్థాయి షడ్జమమునకు తారస్థాయి షడ్జమము తోడైనట్లు, ఆ మొగ్గునుండి రెట్టింపు పౌనఃపున్యముగల కాంతి, అనగా ద్వితీయ అనుస్వరము, వెలువడును. 1961లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున ఫ్రాంకెన్ బృందము 694 నానోమీటర్ల కెంపు లేజరును క్వార్ట్జుపై ప్రసరింపజేసి, 347 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని తొలిసారి పట్టుకొనిరి. అమరికలో సౌష్ఠవకేంద్రము గల 11 తరగతులలో ఈ కాంతి పుట్టదు: రెండు తట్టలును సమబరువైన కావడివలె, ఒకవైపు మొగ్గును రెండవవైపు రద్దుచేయును.

ద్విపరిమాణ అర్ధవాహకములకు ఉదాహరణగ, యంత్రములకు కందెనగ చిరకాలమునుండి వాడుకలోనున్న మాలిబ్డినం డైసల్ఫైడునే తీసికొందము. దీని పొరలు అభ్రకమువలె ఊడివచ్చును. ఒక్కపొర మందము 0.65 నానోమీటరు. ఆ ఒక్కపొరకు సౌష్ఠవకేంద్రము లేదు. సాధారణ స్ఫటికములో రెండవపొర మొదటిదానికి విముఖముగ తిరిగి కూర్చుండును గనుక, జంటకు ఆ కేంద్రము సిద్ధించి కాంతి అణగిపోవును. మూడవపొర చేరగనే మరల వెలుగును. బేసి పొరలు పలుకుననియు, సరి పొరలు మౌనము వహించుననియు 2013లో ప్రయోగములు తేటపరచినవి. ఇంకొక ముచ్చట చూడుడు: సాధారణముగ ఈ గుణమునకు కావలసిన స్థిరాంకములు 18 కాగా, ఈ ఒక్కపొరకు సౌష్ఠవము మిగుల్చునది ఒకటే! అందుచేత లేజరు ధ్రువణమును స్థిరముగనుంచి, పలకను మెల్లగ త్రిప్పుచు, అదే దిశలో ధ్రువణమైన ద్వితీయకాంతిని కొలిచినచో, ప్రతి 60 డిగ్రీలకును తీవ్రత పెరిగి, వాకిట ముగ్గులోని ఆరురేకుల పువ్వు కాగితముమీద తీరును. రేకు చూపిన దిక్కే స్ఫటికపు దిక్కు. పొరను తాకకయే, చెరుపకయే, పరమాణువుల వరుస యెటు నడచుచున్నదో తెలిసిపోవును. రెండు విముఖ త్రికోణపు రేణువులు కలిసినచోట కాంతులు పరస్పరము రద్దై, అతుకు నల్లని గీతగ తోచును.

ఇక వర్ణపటశాస్త్రమను పేరెందులకనగా, లేజరు రంగును మార్చుచు పోగా, ఫోటాను శక్తికి రెండింతలు ఎక్సైటాను (ఎలెక్ట్రానును, అది విడిచిన ఖాళీయు కూడిన జంట) స్థాయితో సరిపోలినచోట కాంతి హఠాత్తుగ ఉప్పొంగును. ఏకఫోటానుకు కానరాని స్థాయిలు సైతము రెండు ఫోటానుల జంటకు దొరకును. 2014లో టంగ్‌స్టన్ డైసల్ఫైడులో అట్లే బయటపడినవి.

ఈ పరికరములు మిక్కిలి వెలగలవి, అన్ని ప్రయోగశాలలకును అందవు. సౌష్ఠవపు లెక్కకో, కాగితమును కలమును చాలును. ఉస్మానియాలో భౌతికశాస్త్రము చదువు విద్యార్థులారా, లేజరు మీట నొక్కుటకు మున్ను, ఆ 18 ఒకటిగ నెట్లయ్యెనో ఒకసారి స్వహస్తముతో గణించి చూడుడు.