ఎవరు రాశారన్న ప్రశ్న ఎవరిది?

బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలు మోషే రాసినవి కావని పండితులు అన్నప్పుడు మన విశ్వాసులు ఇచ్చే జవాబులు ముఖ్యంగా మూడు. యేసుప్రభువే మోషే పేరు చెప్పాడు, ఇంక చర్చ లేదు అనేది మొదటిది. ఇది తెల్లోళ్ల చదువు తెచ్చిన అవిశ్వాసం, మనకొద్దు అనేది రెండోది. మూడోది సెమినరీలో చదివొచ్చిన పాస్టర్లది: మాకివన్నీ తెలుసు, పల్లెలో చెబితే జనం తట్టుకోలేరు, అందుకే చెప్పం. మాలో కొందరం మాలపల్లె, మాదిగపల్లె చర్చిల్లో చాపల మీద కూచుని పెరిగినవాళ్లం. ఈ జవాబులు విన్నాం, ఒకప్పుడు మేమూ చెప్పాం. ఇప్పుడు వాటిని పరీక్షకు పెట్టదలిచాం.

ముందు పండితుల అనుమానం ఏమిటో చూద్దాం. ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం మోషే చావునీ, పాతిపెట్టడాన్నీ చెబుతుంది. సంఖ్యాకాండం 12వ అధ్యాయం భూమ్మీద మోషే అంత సాత్వికుడు లేడంటుంది. తన చావు గురించి, తన సాత్వికం గురించి ఎవరైనా ఇలా రాసుకుంటారా? 12వ శతాబ్దంలో యూదు పండితుడు ఇబ్న్ ఎజ్రా సూచనగా అన్నదాన్ని 1670లో స్పినోజా బాహాటంగా అన్నాడు. 1753లో ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఆదికాండంలో దేవుడికి వాడిన వేర్వేరు పేర్లను పట్టుకుని మూలాలను విడదీశాడు. ఆయన మోషే కర్తృత్వాన్ని కాపాడాలనుకున్నవాడే. 1878లో జర్మన్ పండితుడు వెల్‌హౌజెన్ ఇవి వేర్వేరు కాలాల మూలాలను కలిపి కూర్చినవనీ, యాజకుల ధర్మశాస్త్రం ఆలస్యంగా వచ్చి చేరిందనీ వాదించాడు. ఆయన చెప్పిన వివరాలను తర్వాతివాళ్లు చాలా తోసిపుచ్చారు. ఒక్క చేతి రాత కాదన్న మాట మాత్రం విశ్వవిద్యాలయాల్లో నిలబడింది.

అదే 1878లో, జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు నడిచింది 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కూలి పని ఇప్పించిన క్లౌ దొర, తిండికోసం మతం మారారన్న నింద రాకూడదని కరువురోజుల్లో బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. ఆ నీళ్లలో దిగినవాళ్లు ఐదు పుస్తకాల కర్త ఎవరో తేల్చుకుని దిగలేదు. చదువును తమకు నిషేధించిన ఊరి అంచున నిలబడి, తమను మనుషులుగా పిలిచిన మాట విని దిగారు. వాళ్ల విశ్వాసానికి పునాది ఒక రచయిత పేరు కాదు. కాబట్టి ఆ పేరు కదిలితే వాళ్ల విశ్వాసం కూలుతుందనడం ఆ జనాన్ని తక్కువ చేయడమే.

ఈ తక్కువ చేయడానికి ఒక పాత చరిత్ర ఉంది. అమెరికాలో రోచెస్టర్ సెమినరీలో చదివిన వాల్టర్ రౌషెన్‌బుష్ అనే యువకుణ్ణి రామాయపట్నంలోని తెలుగు బాప్తిస్టు సెమినరీకి అధిపతిగా పంపాలని 1886లో ఒక ప్రతిపాదన వచ్చింది. పాత నిబంధన మీద అతని అభిప్రాయాలు మరీ ఉదారంగా ఉన్నాయని అతనికి పాఠం చెప్పిన ప్రొఫెసరే అభ్యంతరం పెట్టాడు. ఆ నియామకం ఆగిపోయింది. అతను న్యూయార్కులో పేదల వాడ పక్కనున్న జర్మన్ చర్చికి పాస్టరుగా వెళ్లాడు. 1907లో 'క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్' రాసి సామాజిక సువార్త ఉద్యమానికి పెద్ద గొంతయ్యాడు. అతని అక్క ఎమ్మా మాత్రం తెలుగు నేలమీద మిషనరీగా పనిచేసి, క్లౌని పెళ్లాడి, 1899లో మాదిగల కథలతో ఒక పుస్తకం అచ్చువేసింది.

వాల్టర్ వచ్చుంటే మన బతుకులు మారిపోయేవని మేం అనడం లేదు. మేం అడిగేది వేరు. మాదిగ, మాల బోధకుల చెవిన ఏ ప్రశ్న పడొచ్చో, ఏది పడకూడదో సముద్రాల అవతల నిర్ణయమైంది. ఆ బోధకులను ఎవరూ అడగలేదు. పల్లె తట్టుకోలేదనే మూడో జవాబుకు వేరు అక్కడుంది. 1964లో ఏర్పడిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలాంటి చోట్ల మన పిల్లలు మూలాల సిద్ధాంతం చదివి పరీక్షలు రాస్తున్నారు. ఊరికొచ్చాక నోరు మెదపరు. అప్పుడు దొరలు దాచారు, ఇప్పుడు మనమే దాస్తున్నాం.

రెండో జవాబు సంగతి. అనుమానం తెల్లోళ్ల చదువే, నిజమే. మరి మూలప్రతిలో ఒక్క తప్పూ లేదన్న సిద్ధాంతం ఎవరిది? దానికి పదునుపెట్టింది 1881లో ప్రిన్స్‌టన్ పండితులు హాడ్జ్, వార్‌ఫీల్డ్. బైబిలు తనకు తాను చెప్పుకున్న కర్తలను కాదనే పరిశోధన చెల్లదని 1978లో ప్రకటించింది చికాగోలో కూడిన పెద్దలు. రెండూ పడమటి సరుకే. ఒకటి పరాయిదనీ రెండోది మన సొంతమనీ అనుకోవడం భ్రమ.

మొదటి జవాబు కాస్త బలమైంది. యోహాను సువార్త ఐదో అధ్యాయంలో యేసు మోషే రాతల గురించి మాట్లాడతాడు. అయితే మనమూ వేమన పద్యం అంటాం. నోటినుంచి నోటికొచ్చిన ఆ పద్యాల్లో ఏది వేమన చెప్పిందో, ఏది జనం కట్టిందో ఎవరు తేల్చారు? అలా అనడం జనం వాడుక, రిజిస్ట్రాఫీసులో సాక్ష్యం కాదు. చిందువాళ్లు ఆడే జాంబపురాణానికి కర్త ఎవరని మన పెద్దలు అడగలేదు. అయినా అది మాదిగల పుట్టుక కథగా నిలిచింది. పేరు మీదే సత్యం నిలుస్తుందన్నది పత్రాలున్నవాళ్ల ఆలోచన.

అయితే ఎవరు రాస్తే మనకేం అని వదిలేద్దామా? వదలకూడదు. ఎందుకో తిమోతి మొదటి పత్రిక ఆరో అధ్యాయం చెబుతుంది. దాసులు యజమానులను గౌరవించాలని అక్కడుంది. తీతు పత్రికలోనూ అలాంటి మాటే ఉంది. ఈ పత్రికలు పౌలువి కావేమోనన్న అనుమానం 1807లో ష్లయర్‌మాకర్ నాటినుంచి ఉంది. పౌలుదేనని అందరూ ఒప్పుకునే ఫిలేమోను పత్రికలో ఒనేసిము దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా తిరిగొస్తాడు. జీతగాళ్ల పిల్లలం మనం. ఈ తేడా మనకు చిన్నదా? అలాగని పౌలు రాయకపోతే చాలు, పీడ వదిలిందనీ అనుకోలేం. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాట ఆయనదని ఒప్పుకున్న కొరింథీయుల మొదటి పత్రికలోనే ఉంది. ఎవరు రాశారన్నదాంతోపాటు ఎవరి మేలుకోసం చదువుతున్నారన్నదీ అడగాలి.

అమెరికా నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ 1949లో వచ్చిన తన పుస్తకంలో వాళ్ల అమ్మమ్మ సంగతి రాశాడు. ఆమె బానిసగా పుట్టింది, చదువు రాదు. మనవడితో బైబిలు చదివించుకునేది గానీ పౌలు పత్రికలు, ఒక్క ప్రేమ అధ్యాయం తప్ప, చదవనిచ్చేది కాదు. యజమాని పిలిపించిన బోధకుడు ఎప్పుడూ దాసుల విధేయత వాక్యాలే చదివేవాడట. స్వేచ్ఛ వస్తే ఆ భాగం ముట్టనని ఆమె ఒట్టు పెట్టుకుంది. యేసును ఆమె వదల్లేదు. ఆమెకు ఏ పండితుడూ అనుమానం నేర్పలేదు.

మన దగ్గర ఈ దారి చూపినవాడు అంబేద్కర్. వేదాలు ఎవరూ రాయనివన్న మాటను ఆయన నిలదీశాడు. మను అనే పేరు వెనక సుమతి భార్గవుడున్నాడన్నాడు. అక్కడితో ఆగలేదు. 1957లో వచ్చిన 'బుద్ధుడు ఆయన ధమ్మం' ముందుమాటలో, నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధేనా, తర్వాత భిక్షువులు చేర్చినవా అని అడిగాడు. తాను చేపట్టిన మతాన్ని కూడా మినహాయించలేదు. మనుస్మృతి విషయంలో అంబేద్కర్‌ను మెచ్చుకునే మన క్రైస్తవులు చర్చి గుమ్మం దగ్గర ఆయన్ని ఆపేస్తే ఎలా?

ఈ ప్రశ్నను మనల్ని హేళన చేయడానికి వాడే అగ్రకులాల వాళ్లున్నారని మాకు తెలుసు. మీ పుస్తకం ఎవరు రాశారో మీకే తెలియదంటారు. వ్యాసుడి విషయంలో ఆ పట్టుదల వాళ్లకుండదు. అయితే వాళ్లు నవ్వుతారని ప్రశ్నను దాచుకుంటే అది వాళ్ల చేతిలోనే మిగిలిపోతుంది. హెబ్రీ పత్రిక ఎవరు రాశారో దేవుడికే తెలుసని మూడో శతాబ్దంలో ఒరిగెన్ ఒప్పుకున్నాడు. సంఘం ఆ పత్రికను వదల్లేదు.

కాబట్టి పాస్టర్లకు మా మాట ఇదే. వచ్చే ఆదివారం తిమోతి పత్రిక ఆరో అధ్యాయం, ఫిలేమోను పత్రిక పక్కపక్కన చదవండి. అనుమానం ఉందన్న సంగతీ చెప్పండి. ఆ తర్వాత మీరు కూర్చోండి, కూలికి పోయొచ్చిన అమ్మలను మాట్లాడనివ్వండి.