ఉస్తాదు హుక్కా, గురువుగారి వ్యాకరణం

నయాపూల్‌కు దక్షిణాన హైకోర్టు దాటితే 1921 నాటి సిటీ కాలేజీ భవనం, ఉత్తరాన అఫ్జల్‌గంజ్ లైబ్రరీ. ఈ దారిలో నడిచి చదువుకున్న పెద్దమనుషులు ఇద్దరు కలిస్తే పాత సార్ల ఊసు రాక మానదు. తెలుగులో ఎత్తుకుంటే ముందు ‘మహానుభావుడు’ అంటారు, ఆ తరవాత పేరు కోసం తడుముకుంటారు. ఉర్దూలో ఎత్తుకున్నవాళ్లు పేరు సంగతి తరవాత చూసుకోవచ్చని షేర్వానీకి ఊడిన గుండీ దగ్గర మొదలుపెడతారు. సాహిత్యంలోనూ ఇదే వరస.

చెళ్లపిళ్ల ‘కథలు–గాథలు’ మనకు కొత్త కాదు. తనకు వ్యాకరణం చెప్పిన గురువు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి పేరెత్తితే చాలు, ఆయన కలం వంగి నమస్కరిస్తుంది. అదే హైదరాబాదులో కొలువు చేసిన ఢిల్లీ మనిషి మీర్జా ఫర్హతుల్లా బేగ్, తనకు అరబ్బీ చెప్పిన డిప్యూటీ నజీర్ అహ్మద్ కథను రెండు దశాబ్దాలు దాటాక రాస్తూ, ఎండాకాలం ఇంట్లో లుంగీతో కూర్చున్న ముసలాయన్ని ముందు మన కళ్లెదుట పెడతాడు. హుక్కా, వడ్డీ లెక్కలు, రూపాయి దగ్గర పట్టుదల, ఏదీ దాచడు. ‘మిరాతుల్ అరూస్’ రాసి ఆడపిల్లలకు బుద్ధులు చెప్పిన నవలాకారుడు, ఒకప్పుడు సాలార్జంగ్ పిలిస్తే వచ్చి నిజాం కొలువులో పెద్ద హోదా వెలగబెట్టినవాడు, ఇంటి దగ్గర ఇలా ఉండేవాడా అని నవ్వొస్తుంది. నవ్వు తగ్గేసరికి ఆయన మీద ప్రేమ పుట్టి ఉంటుంది. ఇంత చనువు మన శిష్యులకు చేతకాదు. ఆ మాటకొస్తే, ఫర్హత్ కూడా అక్కడక్కడా గురువు కంటే తన చమత్కారాన్నే ఎక్కువ చూపించుకున్నాడు.

చెళ్లపిళ్ల పొగడ్తలో గురువు కనిపించడు, దండల వెనక ఉండిపోతాడు. శిష్యుడు పొగడటం మరిచి తిండితిప్పల్లోకీ ప్రయాణాల్లోకీ శాస్త్ర చర్చల్లోకీ దారి తప్పినప్పుడు మాత్రం నిక్షేపంలా బయటికొస్తాడు. శతావధానాల్లో ధారణ చూపినవాడికి జ్ఞాపకం కొరతా? అయినా ఆయన వచనానికి ప్రాణం ఆ దారి తప్పడంలోనే ఉంది.

వింతేమిటంటే, రెండుచోట్లా శిష్యుడు ఒంటరి కాడు. బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చెళ్లపిళ్లకు జంటకవి తిరుపతిశాస్త్రి తోడు. అలాగే ఢిల్లీలో ఫర్హత్ పక్కన ‘దానీ’. ఈ దానీ ఎవరో కాదు, తరవాత నిజాం పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ. 1927లో ఆ రచన అచ్చయ్యేనాటికి ఆయన ఇదే ఊళ్లో ఉన్నాడు. ‘అలా జరగలేదోయ్’ అని కాదనగల సాక్షి కూతవేటు దూరంలో ఉన్నా, ఫర్హత్ గురువు కొంటెతనాన్ని ధీమాగా రాశాడు. తిరుపతిశాస్త్రి 1920లోనే వెళ్లిపోయాడు. చెళ్లపిళ్ల మాటిమాటికీ ఆగి, తన మాటకు తానే అడ్డుపడి, సాక్ష్యాలు తెచ్చుకుని, లేని జంటకవి తరఫున కూడా తనే వాదించుకుంటూ రాయడానికి నాకు ఇంతకన్నా కారణం తోచదు.