తలుపు మూసి ర్యాక్ చేద్దాం

11 కేవీ ప్యానెల్ నేమ్‌ప్లేట్ మీద అందరూ చూసేది వోల్టేజీ, కరెంటు, బ్రేకింగ్ కెపాసిటీ. ఏ సబ్‌స్టేషన్‌కి వెళ్ళినా నేను ముందు వెతికేది ఇంకో వరస: ‘ఐఏసీ ఏఎఫ్ఎల్ఆర్ 25 కేఏ 1 సెకను’. లోపల 25 వేల ఆంపియర్ల ఆర్క్ సెకనుపాటు మండినా, ముందు గానీ పక్కన గానీ వెనక గానీ నిలబడ్డ సిబ్బందిని ఆ మంట, ఆ వేడిగాలి కాల్చకుండా ప్యానెల్ ఆపగలదని పరీక్షలో తేలిందన్న మాట. ఆ వరస లేని ప్యానెల్ ముందుకి మనిషిని పంపాలంటే నాకు మనసు రాదు.

ఆర్క్‌కి పెద్ద కారణం అక్కర్లేదు. వదులైన జాయింటు, వానాకాలం చెమ్మ, ఇన్సులేటర్ మీద పేరుకున్న దుమ్ము, కేబుల్ ట్రెంచిలోంచి దూరిన ఎలుక, లోపల మరిచిపోయిన స్పానర్, ఏదైనా చాలు. అక్కడ వేడి వేల డిగ్రీలకు పోతుంది. రాగి కరగడంతో ఆగదు, ఆవిరైపోతుంది. లోపలి గాలి ఒక్కసారిగా ఉబ్బి, 10–15 మిల్లీసెకన్లలోనే ఒత్తిడి పతాకస్థాయికి చేరుతుంది. రెప్ప వేసేందుకు కూడా అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. ‘జాగ్రత్తగా ఉంటే తప్పుకోవచ్చు’ అని కుర్రాళ్ళకు చెప్పేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. తప్పుకునే వ్యవధే ఉండదు.

ఐఈసీ 62271-200 ప్రమాణం ప్రకారం చేసే ఆ పరీక్షలో నన్ను కదిలించేది నల్లగుడ్డ. ప్యానెల్‌కి 30 సెంటీమీటర్ల దూరంలో, రెండు మీటర్ల ఎత్తు వరకు చిన్నచిన్న ఫ్రేముల్లో నల్ల నూలుగుడ్డ ముక్కలు బిగిస్తారు. చదరపు మీటరుకి సుమారు 150 గ్రాముల బరువు, అంటే పనివాళ్ళ యూనిఫాం గుడ్డ లాంటిది. మామూలు జనం తిరిగేచోట పెట్టే ప్యానెళ్ళకైతే దూరం 10 సెంటీమీటర్లు, గుడ్డ 40 గ్రాముల పలచటిది. ఆ వేడిగాలికి గుడ్డ అంటుకుంటే ప్యానెల్ ఫెయిల్. తలుపు తెరుచుకున్నా, మనిషికి అందే వైపు రేకుకి చిల్లి పడ్డా, 60 గ్రాములు మించిన ముక్క ఎగిరిపడ్డా, ఎర్తింగ్ తెగినా అంతే. అది నూలుగుడ్డ అన్నది గమనించాలి. పాలిస్టర్ చొక్కాతో డ్యూటీకి వచ్చే ఆపరేటర్‌కి ఈ హామీ వర్తించదు. పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

ఇంకో షరతు: పరీక్షలో తలుపు మూసి, బోల్టులన్నీ బిగించి ఉంటాయి. తలుపు తీసిన క్షణం నుంచి నేమ్‌ప్లేట్ మీది ఆ వరసకి అర్థం లేదు. అయినా బ్రేకర్ ఉండే ట్రాలీని తలుపు తెరిచే లోపలికి తిప్పడం, అంటే ర్యాక్ చెయ్యడం, చాలాచోట్ల అలవాటు. ఒక ఫ్యాక్టరీలో, సర్వీసంతా షిఫ్టు డ్యూటీల్లో గడిపిన పెద్దాయన అడిగాడు: “తలుపేస్తే ట్రాలీ సర్వీస్ పొజిషన్‌కి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది సార్?”

“నిజమే అన్నా, కానీ కాంటాక్టులు కరెంటున్న బస్‌బార్‌ని అందుకునేటప్పుడే ప్రమాదం ఎక్కువ. అప్పుడే మీ మొహం అక్కడ ఉంటోంది” అన్నాను.

ఆయన అనుమానం కొట్టిపారేసేది కాదు. చూసే అద్దం మీద దుమ్ము గట్టిపడి, లోపలి దీపం మాడిపోయి, పొజిషన్ ఇండికేటర్ సగంలో ఆగిపోతే ఎవరైనా తలుపు తీసే చూస్తారు. అద్దం తుడిపించకుండా, దీపం మార్చకుండా, తలుపు తీశాడని ఆపరేటర్‌కి మెమో ఇవ్వడం అన్యాయం. తలుపు తీస్తే గానీ ర్యాక్ చెయ్యడం కుదరని పాత ప్యానెళ్ళూ ఉన్నాయి. వాటికి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని, బస్‌బార్‌కి సప్లయి ఆపి పని చెయ్యడమే నాకు తెలిసిన దారి. ప్రొడక్షన్ కాసేపు ఆగుతుంది. ఆగనివ్వండి.

పైకప్పు సంగతీ చూడాలి. ప్యానెల్ నెత్తిన ఉండే ఫ్లాప్ తెరుచుకుని మండే వాయువుని పైకి వదులుతుంది. ల్యాబ్‌లో గది గోడలు, కప్పు కూడా నమూనాగా కట్టి పరీక్షిస్తారు. మన గదిలో కప్పు అంతకంటే కిందికి ఉంటే ఆ మంట కప్పుకి కొట్టుకుని ఆపరేటర్ మీదికే దిగుతుంది. ఫ్లాప్ మీదుగా కేబుల్ ట్రే వేసిన గదులు చూశాను. అలాంటిచోట ట్రే జరపాలి, లేదా డక్టు కట్టి వాయువుని బయటికి పంపాలి.

ఇక టైము. కింది ఫీడర్లు ముందు ట్రిప్ కావాలని ఇన్‌కమర్ రిలేకి ఆలస్యం పెడతాం. బస్‌బార్ ఛాంబర్‌లో ఆర్క్ వస్తే ఆ ఆలస్యమంతా అది మండుతూనే ఉంటుంది. ఆర్క్ రిలే అయితే వెలుగునీ కరెంటునీ కలిపి చూసి కొన్ని మిల్లీసెకన్లలో ట్రిప్ ఇస్తుంది. బ్రేకర్ తెరుచుకునే సమయం కలిపినా సాధారణంగా 100 మిల్లీసెకన్లు దాటదు. పాత ప్యానెళ్ళకి కూడా ఈ సెన్సార్లు బిగించవచ్చు. మోటారుతో ట్రాలీని తిప్పే రిమోట్ ర్యాకింగ్ ఉంటే ఆపరేటర్ అసలు ఆ గదిలోనే ఉండనక్కర్లేదు. టెండరు రాసేటప్పుడు ఖర్చు తగ్గించాలని ముందు కొట్టేసేది ఈ రెండు ఐటమ్‌లనే. ఈసారి వాటిని ఉంచండి.